ఖాళీ డిస్కును డ్రైవ్ గుర్తించడం లేదా? డిస్క్ మార్చడమా, డ్రైవర్ మార్చడమా, లెన్స్ తుడవడమా: ఏది మేలు?

కంప్యూటర్ డిస్క్ డ్రైవ్‌లో సినిమా డీవీడీ పెడితే చక్కగా ఆడుతుంది. పాత పాటల సీడీ పెట్టినా పాడుతుంది. ఖాళీ డీవీడీ పెట్టామంటే మాత్రం లైటు మిణుకుమిణుకుమంటుంది, లోపల డిస్కు గిర్రున తిరిగి నెమ్మదిస్తుంది, మళ్లీ తిరుగుతుంది, కాసేపటికి చప్పుడు ఆగిపోతుంది. స్క్రీన్ మీద మళ్లీ అదే మాట: డిస్క్ పెట్టండి. ఇప్పుడు పెట్టింది ఏంటట?

ఇలాంటప్పుడు ఎక్కువమంది ముందుగా డ్రైవర్ మీద, అంటే డ్రైవ్‌తో విండోస్‌ని మాట్లాడించే సాఫ్ట్‌వేర్ మీద పడతారు, కుర్చీలోంచి లేవకుండా అయ్యే పని కాబట్టి. నా ఓటు మాత్రం డిస్కుకే.

ఎందుకంటే ఖాళీ డిస్కు నిజానికి ఖాళీ కాదు. రంగు పొర కింద సన్నటి గాడి ఉంటుంది. ఆ గాడి వంకర్లలోనో, దాని పక్కనో డిస్కు ఏ రకం, ఎవరు తయారుచేశారు అనే కోడ్ దాగి ఉంటుంది. డ్రైవ్ ముందు ఆ కోడ్ చదివి, తన ఫర్మ్‌వేర్‌లో (డ్రైవ్ లోపలే ఉండే సాఫ్ట్‌వేర్‌లో) ఉన్న పట్టికతో పోల్చుకుని, లేజర్‌ని ఎంత శక్తితో వాడాలో తేల్చుకుంటుంది. ఫ్యాక్టరీలో అచ్చొత్తిన సినిమా డిస్కుతో ఈ తంతు లేదు. పైగా దాని మీద నుంచి కాంతి బాగా తిరిగొస్తుంది. అందుకే సినిమా ఆడినంత మాత్రాన డ్రైవ్ బాగున్నట్టు కాదు, ఖాళీ డిస్కు తెలియనంత మాత్రాన పాడైనట్టూ కాదు.

నాకిది తెలిసొచ్చింది 50 డిస్కుల డబ్బా పుణ్యమా అని. మొదటి డబ్బా అంతా ఇబ్బంది లేకుండా రాసింది. అదే బ్రాండ్, అదే అట్ట చూసి రెండోది తెచ్చాను. ఒక్కటీ తీసుకోలేదు. రెండు రోజులు విండోస్‌ని తిట్టాక, ఇమ్‌గ్‌బర్న్ అనే డిస్కులు రాసే సాఫ్ట్‌వేర్‌లో పాత డబ్బాలో రాసిన డిస్కు కోడ్ చూసి, కొత్త డిస్కుని తెలిసినవాళ్ల కంప్యూటర్లో పెట్టి చూశాను. రెండు కోడ్‌లూ వేరు. అట్ట మీద పేరు ఒకరిది, లోపల సరుకు ఎక్కడిదో. కాబట్టి కొత్త డబ్బా కొనకముందే వేరే తయారీ డిస్కులు రెండు మూడు అడిగి తెచ్చుకుని పెట్టి చూడండి. ఖాళీ డీవీడీల్లో రెండు రకాలు, డీవీడీ మైనస్ ఆర్ (DVD-R) తీసుకోకపోతే ప్లస్ ఆర్ (DVD+R) ప్రయత్నించండి. మొదటిది 1997లో వచ్చింది, రెండోది 2002లో. తొలినాళ్ల బర్నర్లలో (డిస్కులు రాసే డ్రైవ్‌లలో) కొన్ని ఒక రకమే రాసేవి. 8.5 జీబీ డబుల్ లేయర్‌వి (రెండు పొరలవి) అయితే పాత డ్రైవ్‌కి అసలు అర్థమే కావు. కాంబో డ్రైవ్ అయితే వెతుకులాటే వద్దు, అది డీవీడీ చదువుతుంది కానీ రాసేది సీడీలు మాత్రమే.

ఇక డ్రైవర్. డిస్క్ డ్రైవ్‌లకి విండోస్ దాదాపు ఎప్పుడూ తన సొంత డ్రైవరే వాడుతుంది. "లేటెస్ట్ డ్రైవర్" ఇస్తామనే సైట్ల జోలికి పోవద్దు. విండోస్ హార్డ్‌వేర్ జాబితా అయిన డివైస్ మేనేజర్‌లో పసుపు గుర్తు, కోడ్ 19 లేదా 39 కనిపిస్తేనే రిజిస్ట్రీలో (విండోస్ సెట్టింగుల చిట్టాలో) అప్పర్‌ఫిల్టర్స్, లోయర్‌ఫిల్టర్స్ అనే ఎంట్రీలు తీసేయడం లాంటివి పనికొస్తాయి. బర్నింగ్ సాఫ్ట్‌వేర్‌లు రెండు మూడు పోగుపడితే అవి ఒకదానికొకటి అడ్డం పడటమూ ఉంది. అనుమానం తీరాలంటే పెన్‌డ్రైవ్‌లోంచి లినక్స్ (విండోస్‌కి బదులు వాడే మరో ఆపరేటింగ్ సిస్టమ్) బూట్ చేసి అదే ఖాళీ డిస్కు పెట్టండి. అక్కడా మొండికేస్తే విండోస్ తప్పేమీ లేనట్టే.

లెన్స్ తుడిచే ముందు ఒక చిన్న పరీక్ష: ఖాళీ సీడీ కూడా పెట్టి చూడండి. సీడీకి 780 నానోమీటర్ల లేజర్, డీవీడీకి 650. లేజర్లు వేరైనా చాలా డ్రైవ్‌లలో లెన్స్ ఒకటే. దుమ్మే కారణమైతే ఎంతో కొంత రెండింటికీ తగలాలి. ఖాళీ సీడీ తెలిసి, ఏ తయారీ ఖాళీ డీవీడీ కూడా తెలియకపోతే డీవీడీ లేజర్ నీరసించిందని నా లెక్క. అప్పుడు తుడిచి లాభం తక్కువ. రెండూ తెలియకపోతే తుడవడం మేలే. ల్యాప్‌టాప్ డ్రైవ్‌లో ట్రే లాగితే లెన్స్ ఎదురుగానే ఉంటుంది. దూది పుల్లకి ఐసోప్రొపైల్ ఆల్కహాల్ కాస్త అద్ది, నొక్కకుండా ఒక్కసారి తిప్పి, ఆరనివ్వాలి. కుచ్చులున్న క్లీనింగ్ డిస్కులు నాకు నచ్చవు, ఆ వేగంలో లెన్స్‌కి ఏం తగులుతుందో మన చేతిలో ఉండదు.

ఫర్మ్‌వేర్ అప్‌డేట్ ఆఖర్న. మధ్యలో కరెంటు పోతే డ్రైవ్ మొత్తానికే పోవచ్చు, పాత మోడళ్లకి కొత్త ఫైల్ రావడమూ అరుదు.

యూఎస్‌బీతో బయట తగిలించే డిస్క్ డ్రైవ్ అయితే వీటన్నిటికంటే ముందు హబ్ తీసేసి నేరుగా కంప్యూటర్‌కి గుచ్చండి. పాత యూఎస్‌బీ 2.0 పోర్ట్ ఇచ్చేది 500 మిల్లీఆంపియర్లే, కొన్ని డ్రైవ్‌లకి అది చాలదు. రెండు తలల కేబుల్ ఉంటే రెండూ పెట్టండి.

మూడు రకాల డిస్కులు, లినక్స్, దూది పుల్ల అన్నీ అయ్యాక కూడా పలకకపోతే కొత్త డ్రైవే. నేనూ చివరికి కొన్నాను, వేరే కారణానికి: పాతదాని ట్రే ఇరుక్కుపోయింది. మూలన పడేసిన ఆ రెండో డబ్బాని కొత్తదానికి ఇచ్చాను. 50 డిస్కుల్లో ఒక్కదాన్ని కూడా వెనక్కి ఇవ్వలేదు.