గ్రూప్ మ్యాచా, సెమీఫైనలా? ఫుట్‌బాల్ వరల్డ్ కప్‌కి వెళ్ళేవాళ్ళకి ఏ టికెట్ మేలు

గుంటూరు బ్రహ్మానందరెడ్డి స్టేడియంలో పొద్దున్నే బంతి ఆడే కుర్రాళ్ళు మొదలుపెట్టిన ప్రశ్న ఇది. 2022 ఫుట్‌బాల్ వరల్డ్ కప్‌కి నేనూ మా బావా వేర్వేరుగా ఖతార్ వెళ్ళొచ్చామని తెలిసిన దగ్గర్నుంచి అడగని వారం లేదు. "అన్నా, జీవితంలో ఒక్కసారే వెళ్ళగలం. గ్రూప్ మ్యాచ్‌లకి వెళ్ళాలా, ఇంకొంచెం కూడబెట్టుకుని సెమీస్ చూడాలా?" విజయవాడలో మా వీధి వాళ్ళదీ అదే ప్రశ్న. ఒక్కొక్కరికీ విడిగా చెప్పలేక రాస్తున్నాను.

నేను మొదటి దశలో జరిగే గ్రూప్ మ్యాచ్‌ల పక్షం, బావ సెమీస్ పక్షం. ఆయన వాదన కూడా ఇందులో పెడతాను. పెట్టకపోతే పండక్కి మా ఇంటికొచ్చి అలిగి కూర్చుంటాడు.

ముందు డబ్బు సంగతి, ఎందుకంటే అందరూ ముందు అడిగేది అదే. ఖతార్‌లో బయటి దేశాల వాళ్ళకి అన్నిటికంటే చవక మూడో కేటగిరీ. గ్రూప్ మ్యాచ్‌కి 250 రియాళ్ళు, అప్పటి లెక్కన ఐదున్నర వేలకి అటూ ఇటూ. అదే కేటగిరీలో సెమీఫైనల్ 1300 రియాళ్ళు, ముప్ఫై వేలకి దగ్గర. ఫైనల్ 2200. గ్రూప్‌లో బ్రెజిల్ ఆడినా కామెరూన్ ఆడినా రేటు ఒకటే. అంటే ఒక సెమీస్ డబ్బుతో ఐదు గ్రూప్ మ్యాచ్‌లు చూడొచ్చు. వినడానికి బాగుంటుంది గానీ, విమానం, బస, తిండి కలిపి చూస్తే టికెట్ తేడా మొత్తాన్ని తారుమారు చేసేది కాదు. డబ్బు చూసి తేల్చుకునే విషయం కాదిది.

నా దృష్టిలో తేల్చేది ఒక్కటే: టికెట్ కొనేనాటికి ఎవరి మ్యాచ్ చూడబోతున్నామో మనకి తెలుసా, లేదా?

గ్రూప్ టికెట్ మీద రెండు దేశాల పేర్లుంటాయి. ఆ తర్వాతి దశ, అంటే ఓడితే ఇంటికే అనే నాకౌట్ టికెట్ మీద ఫలానా మ్యాచ్ విజేత, ఇంకో మ్యాచ్ విజేత అని ఉంటుంది. మనం కొనేది ఆటని కాదు, ఊహని.

మా బావది మామూలు ఊహ కాదు, పక్కా లెక్క. ఆయన బ్రెజిల్ పిచ్చోడు. 2022 ఏప్రిల్ 1న దోహాలో ఏ జట్టు ఏ గ్రూపులోనో తేల్చే డ్రా తీయగానే గోడ క్యాలెండర్ తిరగేసి వెనక గీతలు గీశాడు. బ్రెజిల్ తన గ్రూపులో ఫస్టు, అర్జెంటీనా తన గ్రూపులో ఫస్టు వస్తే ఇద్దరూ డిసెంబర్ 13న లుసైల్ స్టేడియంలో సెమీస్‌లో తగులుకుంటారు. "ఏరా, బ్రెజిల్ అర్జెంటీనా సెమీస్! మళ్ళీ పుట్టినా దొరకదు" అని ఆ టికెట్టే కొన్నాడు. సోమవారానికి హైదరాబాద్ నుంచి విమానం, బ్యాంకులో నాలుగు రోజులు సెలవు.

లెక్క తప్పిందా అంటే, 117వ నిమిషం దాకా తప్పలేదు. డిసెంబర్ 9, శుక్రవారం రాత్రి, క్వార్టర్స్. ఎక్స్‌ట్రా టైమ్‌లో నేమార్ గోల్ కొట్టగానే బావ నాకు ఫోన్ చేశాడు, అక్క చేతిలో ఏదో స్వీటు కూడా పెట్టాడట. మన టైము పదకొండు కావొస్తుండగా క్రొయేషియా ఆటగాడు పెట్కోవిచ్ స్కోరు సమం చేశాడు. ఆ తర్వాత పెనాల్టీల్లో 4-2తో బ్రెజిల్ ఇంటికి. ఫోను పెట్టేసిన బావ మర్నాడు మధ్యాహ్నం దాకా ఎత్తలేదు.

సోమవారం ఆయన్ని హైదరాబాద్ బస్సు ఎక్కించింది అక్క. లేకపోతే వెళ్ళేవాడు కాదు. లుసైల్‌లో ఎనభై వేల పైచిలుకు జనంలో పసుపు చొక్కాతో కూర్చున్నాడు. చుట్టూ తెల్లా నీలం చారల చొక్కాలు, గంతులు. వాళ్ళు పాడే పాటలు ఒక్క ముక్క అర్థం కాలేదు గానీ మధ్యమధ్యలో బ్రెజిల్ పేరు వినబడుతోంది, అందరూ ఈయన వైపు చూసి నవ్వుతున్నారు. అవతల ఆడుతున్నది తన జట్టుని ఓడించిన క్రొయేషియా, ఇవతల జన్మ విరోధి అర్జెంటీనా. "శత్రువుకి శత్రువు మిత్రుడంటారు కదరా, ఇద్దరూ శత్రువులే అయితే ఎవరికి చప్పట్లు కొట్టాలి?" అని అర్ధరాత్రి మెసేజ్ పెట్టాడు. ఆయన వరసలోనే ఇంగ్లండ్ చొక్కా వేసుకున్న ఒక పెద్దాయన, పోర్చుగల్ చొక్కాల్లో నలుగురు మలయాళీలు ఉన్నారట. ఆ రెండు జట్లూ అప్పటికి మూడు రోజుల కిందటే ఓడిపోయాయి.

చెప్పొచ్చేది ఇదే. నాకౌట్ టికెట్లు చాలావరకు నెలల ముందే బావలాంటి వాళ్ళ చేతుల్లోకి వెళ్ళిపోతాయి. తీరా ఆ రోజుకి సీట్లలో సొంత జట్టు ఇంటికి వెళ్ళిపోయినవాళ్ళు బోలెడుమంది. గ్రూప్ మ్యాచ్‌లో అలా కాదు. వచ్చినవాళ్ళలో ఎక్కువమంది ఆ రెండు దేశాల కోసమే వచ్చినవాళ్ళు.

నా ప్రయాణం నవంబర్ చివర్లో. డ్రా అయ్యాకే దరఖాస్తు పెట్టి లాటరీలో రెండు టికెట్లు సంపాదించాను. కట్టడం వీసా కార్డుతోనే, రూపే తీసుకోలేదు. పాలకొల్లు స్నేహితుడి గదిలో మకాం, అద్దె బదులు అమ్మ పెట్టిన ఆవకాయ. నవంబర్ 28న ఒంటిగంటకి అల్ వక్రాలోని అల్ జనూబ్ స్టేడియంలో కామెరూన్, సెర్బియా. నిజం చెప్పాలంటే ఆ టికెట్ ఎలాగూ దొరుకుతుంది కదా అని పెట్టిందే. విశ్రాంతికి ముందు కలిపిన నిమిషాల్లో సెర్బియా రెండు నిమిషాల్లో రెండు గోల్స్ కొట్టింది. తర్వాత మూడోది కూడా. 3-1. మా ముందు వరసలో ఆకుపచ్చ బట్టల్లో డప్పు పట్టుకుని కూర్చున్న కామెరూన్ మనిషి డప్పు కింద పెట్టేశాడు. అప్పుడే సబ్‌స్టిట్యూట్‌గా వచ్చిన అబూబకర్ బంతిని గోల్‌కీపర్ తల మీదుగా, చాటలో బియ్యం ఎగరేసినంత సుతారంగా లేపాడు. ఆఫ్‌సైడ్ జెండా లేచింది, గోల్ చెల్లదని. అందరూ మళ్ళీ కూర్చున్నారు. ఇక్కడే ఒకటి రెండు నిమిషాలు గడిచాయి, అవి నేను మర్చిపోలేను. పెద్ద తెర మీద వీఏఆర్, అంటే వీడియోలో మళ్ళీ చూస్తున్నారని పడింది. డప్పు మనిషి తెర వైపు చూడకుండా డప్పు వైపే చూస్తున్నాడు. గోల్ అని తేలగానే ఆ డప్పు తీసి కొట్టిన దెబ్బ నా గుండెలో తగిలింది. ఇంకో మూడు నిమిషాలకి 3-3.

సాయంత్రం ఏడింటికి రెండో మ్యాచ్. అల్ వక్రా నుంచి మెట్రో ఎక్కి, ముషేరిబ్‌లో లైను మారి, కంటైనర్లతో కట్టిన 974 స్టేడియానికి చేరాను. ఆడింది ఎవరనుకున్నారు? బ్రెజిల్, స్విట్జర్లాండ్. 83వ నిమిషంలో కసెమీరో కొట్టిన ఒకే ఒక్క గోల్. బ్రెజిల్ అంటే నాకు పెద్ద మోజు లేదు. ఐదున్నర వేలకి నేను చూసిన బ్రెజిల్‌ని ముప్ఫై వేలు పెట్టి మా బావ చూడలేకపోయాడు. ఈ మాట ఇంట్లో ఎత్తడం మానేశాను.

ఇప్పుడు బావ వాదన. "నువ్వు చూసింది ఓడినా ఫరవాలేని మ్యాచ్ రా. సెమీస్‌లో ఓడితే అయిపోయినట్టే, ఆ బిగువు నీకేం తెలుసు?" నిజమే. గ్రూప్ మ్యాచ్‌లలో ఇంగ్లండ్, అమెరికా 0-0లాంటి చప్పిడి కూరలు తగులుతాయి. ఇక ఆయన దగ్గర ఒక బ్రహ్మాస్త్రం ఉంది. ఆ సెమీస్‌లో 69వ నిమిషంలో మెస్సీ కుడి వైపు గీత పట్టుకుని, మాస్క్ పెట్టుకున్న క్రొయేషియా కుర్రాడు గ్వార్డియోల్‌ని తనతో పాటే తిప్పుకుంటూ లోపలిదాకా తీసుకెళ్ళి, అల్వారెజ్ కాలి ముందు బంతి పెట్టాడు. 3-0. "పసుపు చొక్కాలో ఉండి నేను లేచి నిలబడ్డానురా" అంటాడు. దానికి నా దగ్గర జవాబు లేదు. కానీ ఆ ఒక్క క్షణం దొరికిందని అందరికీ దొరుకుతుందనుకోవడం లాటరీ తగిలినవాడి సలహా వినడమే.

గ్రూప్ అని తేల్చుకుంటే, ఒక్కో జట్టూ ఆడే మూడింటిలో రెండోది ఎంచుకోండి. మొదటిదాంట్లో ఎక్కువ జట్లు ఓడకపోతే చాలని ఆడతాయి. మూడోది వచ్చేసరికి కొందరు అప్పటికే గట్టెక్కి రిజర్వ్ ఆటగాళ్ళని దించుతారు. పైగా గ్రూపులోని చివరి రెండు మ్యాచ్‌లు ఒకే సమయంలో జరుగుతాయి. ఖతార్‌లో అల్ బైత్ స్టేడియంలో జర్మనీ 4-2తో గెలుస్తుంటే, అక్కడున్న జర్మన్లు ఫోన్లలో జపాన్, స్పెయిన్ స్కోరు చూసుకున్నారు. అక్కడ జపాన్ గెలవడంతో వీళ్ళు గెలిచి కూడా ఇంటికి వెళ్ళారు.

ఖతార్‌లో ఒక సుఖం ఉండేది, ఎనిమిది స్టేడియాలూ దగ్గర దగ్గరే. టికెట్ ఉంటే వచ్చే హయ్యా కార్డే వీసా పని కూడా చేసింది. ఇకముందు అలా ఉంటుందనుకోవద్దు. 2026కి 48 జట్లు, మూడు దేశాలు, డిమాండును బట్టి మారే రేట్లు, పైగా టికెట్ ఉన్నంత మాత్రాన అమెరికా వీసా వచ్చినట్టు కాదు. మూడో స్థానంలో వచ్చినవాళ్ళలో మంచివాళ్ళు కూడా ముందుకెళ్ళే పద్ధతి వల్ల, నాకౌట్ మొదటి రౌండులో ఎవరికి ఎవరు తగులుతారో గ్రూపులన్నీ ముగిసేదాకా పూర్తిగా తేలదు. బావ క్యాలెండర్ గీతలు ఇక అంత తేలిగ్గా పనిచేయవు.

మిగతా దారుల గురించి రెండు ముక్కలు. మన జట్టు అక్కడిదాకా చేరకపోతే కొంత కోసుకుని డబ్బు వెనక్కిచ్చే షరతు టికెట్లు ఖతార్‌కి ఉండేవి. టికెట్ డబ్బు వస్తుంది సరే, విమానం డబ్బు ఎవరిస్తారు? భోజనంతో కలిపి అమ్మే హాస్పిటాలిటీ ప్యాకేజీలు మనకి కాదు. టికెట్ లేకుండా వెళ్ళి పార్కులో పెద్ద తెర మీద చూడటమంటే, అది బెంజ్ సర్కిల్ దగ్గర హోటల్లో కూర్చుని కూడా చూడొచ్చు.

ఇక దగ్గర్లో ఉన్నది సౌదీలో ఆసియా కప్, 2027 జనవరి 7 నుంచి ఫిబ్రవరి 5 దాకా. మన దేశం అర్హత సాధించలేదు. 2024లో ఖతార్‌లో జరిగిన ఆసియా కప్‌లో మనవాళ్ళు మూడు మ్యాచ్‌లూ ఒక్క గోల్ లేకుండా ఓడారు, అయినా అక్కడున్న మనవాళ్ళు స్టేడియానికి వెళ్ళారు, అది వేరే సంగతి. రియాద్, జెద్దా, ఖోబర్ నగరాల్లో మ్యాచ్‌లు. రియాద్ నుంచి జెద్దాకి రోడ్డు మీద తొమ్మిది వందల కిలోమీటర్ల పైనే, కాబట్టి ఒకే ఊళ్ళో ఉండి గ్రూప్ మ్యాచ్‌లు చూసుకోవడమే మేలని నా సలహా.

ఇక్కడ మాత్రం బావ నన్ను కొట్టేశాడు. గ్రూప్ మ్యాచ్‌లు సరిగ్గా సంక్రాంతి మీద పడ్డాయి. అల్లుడు పండక్కి రాకుండా రియాద్‌లో కూర్చుంటే మా అమ్మ ఊరుకోదు, కొడుకు వెళ్ళినా ఊరుకోదు. సెమీస్ అయితే పండగ హడావుడి అంతా అయిపోయాక. నిన్న రాత్రి అక్క ఫోన్ చేసింది. మీ బావ మళ్ళీ క్యాలెండర్ తిరగేశాడురా, జపాన్ ఒక పక్క, కొరియా ఇంకో పక్క రాస్తున్నాడు, అంది.