స్ట్రెస్ నంబర్ చూపించే స్మార్ట్ వాచీ కొనొచ్చా? వాడాక నా మాట

కంపెనీ పేరు అడగొద్దు, ఏడు వేల లోపు రేటులో దాదాపు అన్ని వాచీల్లోనూ ఇప్పుడు స్ట్రెస్ అని ఒక ఫీచర్ పెడుతున్నారు, నేను మాట్లాడేది దాని గురించే. నేను గుంటూరులో ఒక ట్యాక్స్ కన్సల్టెంట్ దగ్గర పనిచేస్తా. మాకు నెలలో 11కి జీఎస్టీఆర్-1, 20కి 3బీ అని జీఎస్టీ రిటర్న్‌లు ఫైల్ చెయ్యాలి, జూలై వస్తే వీటికి తోడు ఐటీఆర్‌లు, అంటే ఇన్‌కమ్ ట్యాక్స్ రిటర్న్‌లు. క్లయింట్లు బిల్లులన్నీ 19 రాత్రి ఫొటోలు తీసి వాట్సాప్‌లో పడేసి "కొంచెం చూడమ్మా" అంటారు, అందులో సగం మసక మసకగా ఉంటాయి. కాబట్టి టెన్షన్ ఉందని తెలుసుకోడానికి నాకు వాచీ అక్కర్లేదు, ఎప్పుడు పెరుగుతోంది ఎప్పుడు దిగుతోంది చూద్దామని కొన్నా.

అసలు ఇది ఏం కొలుస్తుందో ముందు చెప్పాలి, ఎందుకంటే షాపులో అబ్బాయి "మేడమ్ ఇది కార్టిజాల్ కూడా చూపిస్తది" అన్నాడు. చూపించదు. కార్టిజాల్ అంటే స్ట్రెస్‌లో ఒంట్లో పెరిగే హార్మోను, దానికి రక్తమో ఉమ్మో యూరినో టెస్ట్ చెయ్యాలి. వాచీ వెనక పచ్చ లైటు వెలుగుతుంది కదా, అది చర్మం కింద రక్తం పొంగడం తగ్గడం చూసి గుండె దెబ్బకీ దెబ్బకీ మధ్య గ్యాప్ లెక్కేస్తుంది. నిమిషానికి 70 సార్లు కొట్టుకుంటున్నా గ్యాప్‌లన్నీ ఒకేలా ఉండవు, ఒకటి 820 మిల్లీసెకన్లుంటే ఇంకోటి 880, తర్వాతది 850, ఇలా అటూ ఇటూ అవుతుంటాయి. ఒళ్ళు నిమ్మళంగా ఉంటే ఈ తేడా ఎక్కువ, పరిగెత్తడానికో పోట్లాడ్డానికో ఒళ్ళు రెడీ అయితే తేడా తగ్గిపోతుంది. దీన్నే హెచ్ఆర్వీ అంటారు. చాలా వాచీలు ఎక్కువగా దీని మీదే ఆధారపడి 0 నుంచి 100 లోపు ఒక నంబర్ ఇస్తాయి, నంబర్ ఎక్కువుంటే స్ట్రెస్ ఎక్కువని.

అంటే దానికి తెలిసేది మన ఒళ్ళు, మనసు కాదు. మా పిన్ని కూతురి పెళ్ళిలో నవ్వుకుంటూ రాత్రి పదకొండింటికి బిర్యానీ లాగించి పడుకుంటే అర్ధరాత్రి దాటినా 80 పైనే చూపించింది, అది పెళ్ళి భోజనం అరిగే పని! జ్వరం, కాఫీ, అప్పుడే మెట్లెక్కి రావడం, నిద్ర చాలకపోవడం, ఏదైనా నంబర్ పెంచేస్తుంది. ఇటు చూస్తే ఒక క్లయింటు ఫోన్లో అరుస్తున్నప్పుడు నాకు కళ్ళలో నీళ్ళొచ్చాయి, గ్రాఫ్‌లో చూస్తే అక్కడేం లేదు, లేచి అటూ ఇటూ తిరుగుతూ మాట్లాడా కదా, నడిచేటప్పుడు రీడింగ్ సరిగ్గా రాదని ఖాళీ వదిలేసింది.

ఇంక దండగేనా అంటే కాదు. ఒక్కో నంబర్ పట్టించుకోకుండా వారాల గ్రాఫ్ చూస్తే పనికొస్తుంది. నాకు బాగా ఎక్కువయ్యేది 20న అనుకునేదాన్ని, గ్రాఫ్‌లో 21, 22 కూడా పైనే ఉంది, పని అయిపోయినా ఒళ్ళు దిగట్లేదన్నమాట. ఇంకోటి, ఎంట్రీలు వరసగా కొట్టుకుంటూ పోయే గంటలు బానే ఉన్నాయి, మధ్యలో ఫోన్ ఎత్తి మళ్ళీ మొదలెట్టి మళ్ళీ ఎత్తే గంటలే ఎర్రగా ఉన్నాయి. అది సార్‌కి చూపించి మధ్యాహ్నం కాసేపు ఫోన్లు సైలెంట్ చేయించా, 15 తర్వాత పంపే బిల్లులు మేం తీసుకోం అని క్లయింట్లకి మెసేజ్ పెట్టించా. కొంతమంది ఇప్పటికీ 19నే పంపుతారు, వాళ్ళని ఏ వాచీ మార్చలేదు.

బ్రీతింగ్ అని ఒక ఆప్షన్ ఉంది, స్క్రీన్ మీద గుండ్రం పెద్దదవుతుంటే పీల్చాలి చిన్నదవుతుంటే వదలాలి, నిమిషానికి ఆరు సార్లు దాకా. ఊపిరి వదిలేటప్పుడు గుండె కాస్త నెమ్మదిస్తుంది, అందుకే వదలడం పొడుగ్గా ఉంటే మంచిది. నిజంగానే హాయిగా ఉంటుంది. కానీ రెండు నిమిషాల్లో నంబర్ 75 నుంచి 40కి పడిందని సంబరపడకండి, నెమ్మదిగా ఊపిరి తీస్తేనే ఆ గ్యాప్‌ల తేడా పెరుగుతుంది కాబట్టి లెక్క దానంతటదే దిగుతుంది, ఫైల్ చెయ్యాల్సిన రిటర్న్ అక్కడే ఉంటుంది. పైగా ఇది చెయ్యడానికి ఏడు వేలు ఎందుకు, గోడ గడియారం చూసుకుంటూ చెయ్యొచ్చు.

నచ్చనిది అలర్ట్. సరిగ్గా తల పగిలిపోతున్న టైముకి చెయ్యి బుర్రుమని "మీకు స్ట్రెస్ ఎక్కువగా ఉంది, విశ్రాంతి తీసుకోండి" అంటుంది. ఎక్కడ తీసుకోమంటావ్ తల్లీ. సెట్టింగ్స్‌లో ఆఫ్ చేసేశా. మా ఆయనైతే సాయంత్రం రాగానే నా చెయ్యి పట్టుకుని నంబర్ చూసి "ఇప్పుడు మాట్లాడొచ్చా" అని అడగడం మొదలెట్టాడు, అదో కొత్త స్ట్రెస్. అర్ధరాత్రి మెలకువొచ్చి నంబర్ చూసుకునే రకం అయితే మీరు అస్సలు కొనొద్దు, ఉన్న నిద్ర కూడా పోతుంది.

వారాల తరబడి నిద్ర లేదు, తిండి సయించట్లేదు, ఊరికే ఏడుపొస్తోంది అంటే అది వాచీ చూసే పని కాదు, 14416కి ఫోన్ చెయ్యండి, టెలి మానస్ అని మనసు బాగోలేని వాళ్ళ కోసం 2022లో సెంట్రల్ గవర్నమెంట్ పెట్టిన హెల్ప్‌లైన్, ఫ్రీ, 24 గంటలూ ఉంటుంది, తెలుగులో మాట్లాడతారు. గుండెల్లో నొప్పి అయితే గ్రాఫ్ చూస్తూ కూర్చోకుండా వెంటనే హాస్పిటల్‌కి వెళ్ళండి.

ఐదుకి మూడు స్టార్లు. బ్యాటరీ వారం దాకా వస్తోంది, స్ట్రెస్ ఆటోమేటిక్‌గా కొలిచేలా పెడితే ఇంకా తొందరగా దిగుతుంది. స్ట్రాప్ మరీ వదులుగా పెడితే రీడింగ్ పిచ్చి పిచ్చిగా వస్తుంది, మరీ బిగిస్తే మన గుంటూరు ఎండలకి రబ్బరు కింద దద్దుర్లు, గుడ్డ స్ట్రాప్ ఒకటి విడిగా కొనుక్కోండి.