బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ మంచిదే, అప్‌డేట్ నోట్సే ఎవరికీ అర్థం కావు

కర్నూలులో షాపులకి బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ వేసిచ్చే పని మాది, మెడికల్ షాపులు, సిమెంట్ షాపులు, ఆదోని డోన్ వైపు కూడా పోతుంటాం. దీని పేరు చెప్పను కానీ మా కస్టమర్లలో ఎక్కువమంది వాడేది ఇదే. పనిలో వంక పెట్టేదేం లేదు, బ్యాచ్ నంబరు వారీగా స్టాక్, ఎక్స్‌పైరీ దగ్గరపడిన మందుల లిస్టు, నెట్ లేకపోయినా బిల్లు, అన్నీ పాత కంప్యూటర్లలో కూడా బాగానే నడుస్తాయి.

నా బాధంతా అప్‌డేట్‌తో వచ్చే రిలీజ్ నోట్స్ గురించి, అంటే ఈసారి ఏం మారిందో చెప్పే రాత. ఎప్పుడు చూసినా ఇంగ్లీషులో రెండు లైన్లు, బగ్స్ ఫిక్స్ చేసినాం, స్పీడ్ పెంచినాం అని. ఏ బగ్గు, ఏ స్క్రీన్‌లో, ఎవరికి తగులుతుంది, ఏమీ ఉండదు. కింద టికెట్ నంబర్లు, అంటే వాళ్ళ దగ్గర రాసుకున్న కంప్లైంట్ల నంబర్లు మాత్రం పెడతారు, అవి వాళ్ళ ఆఫీసోళ్ళకి తప్ప ఎవరికి పనికొస్తాయి?

2025 సెప్టెంబర్ 22న జీఎస్టీ రేట్లు మారినాయి కదా, చాలా మందులు 12 నుంచి 5 శాతానికి, సిమెంట్ 28 నుంచి 18కి వచ్చింది. అంత పెద్ద మార్పుకి వీళ్ళు రాసిందేందంటే ట్యాక్స్ మాస్టర్ (సాఫ్ట్‌వేర్‌లో పన్ను రేట్ల పట్టిక) రివైజ్ చేసినాం అని, అంతే. షాపాయనకి కావాల్సింది అది కాదు, ర్యాక్‌లో ఉన్న పాత స్టాక్‌కి రేటు దానంతటదే మారుతుందా లేక ఒక్కో ఐటెం నేనే మార్చుకోవాలా, 22కి ముందు అమ్మిన మందు రిటర్న్ వస్తే ఇచ్చే క్రెడిట్ నోట్ (వాపసు చీటీ) పాత 12తో పడుతుందా కొత్త 5తో పడుతుందా. పాత రేటుతోనే పడాలి, సాఫ్ట్‌వేర్ కూడా అట్లే వేస్తుంది, అంటే పని కరెక్టుగానే చేసినారు, ఆ ముక్క రాయలేదు. అది లేకనే ఆ రోజంతా ఫోన్ మీద ఫోన్, అన్నా అప్‌డేట్ కొట్టాలా వద్దా అని, కొందరైతే భయపడి అప్‌డేటే ఆపేసినారు.

ఇదేం చేతకాని పని కాదు. పోస్ట్‌గ్రెస్ అని ఫ్రీ డేటాబేస్ ఉంది, దాని పెద్ద వెర్షన్ నోట్స్ చూడండి, కొత్త ఫీచర్లన్నీ వివరంగా చెప్పకముందే పాత వెర్షన్ నుంచి మారేవాళ్ళకి ఏది తేడా కొడుతుందో రాస్తారు. ఫైర్‌ఫాక్స్ బ్రౌజర్ వాళ్ళు కొత్తవి, సరిచేసినవి, మారినవి అని వేరువేరుగా పెడతారు.

వీళ్ళ మొబైల్ యాప్‌కి ప్లే స్టోర్‌లో ఒక్కో భాషకి 500 అక్షరాల దాకా చోటుంటుంది, తెలుగులో కూడా రాయొచ్చు. ఇట్ల రాస్తే చాలు: "సెప్టెంబర్ 22కి ముందు బిల్లుల రిటర్న్‌కి పాత రేటే పడుతుంది, మీరేం మార్చక్కర్లేదు. పాత స్టాక్‌కి కొత్త రేటు దానంతటదే వస్తుంది. మీరు చేత్తో పెట్టిన రేట్లు మాత్రం మారవు, ఐటెం లిస్టులో ఒకసారి చూసుకోండి." ఆ చివరి వాక్యమే అన్నిటికంటే పైన ఉండాలి అంటాను నేను, ఎందుకంటే షాపాయన చెయ్యాల్సిన పని అదొక్కటే.

హెల్ప్‌లైన్ వాళ్ళు ఫోన్ ఎత్తుతారు, ఓపిగ్గా చెప్తారు, అది ఒప్పుకోవాలి. కానీ వాళ్ళు ఫోన్లో చెప్పేదే నోట్‌లో రాస్తే సగం ఫోన్లు రావు.

సాఫ్ట్‌వేర్‌కి 5కి 4, నోట్స్‌కి 1. కొనేటోళ్ళు డెమో రోజే డీలర్‌ని పాత అప్‌డేట్ల నోట్స్ చూపించమని అడగండి, మనం అవి చదువుతామని కంపెనీ దాకా తెలియాలి.