సాబీ శాండ్ లాడ్జ్‌లో ఐదు బసలు, 18 రాత్రులు

ఉద్యోగరీత్యా జొహన్నెస్‌బర్గ్‌లో ఉంటున్న నేను 2016 నుంచి 2024 వరకు సాబీ శాండ్ ప్రైవేటు అభయారణ్యంలోని ఒకే లాడ్జ్‌లో ఐదుసార్లు, మొత్తం 18 రాత్రులు బస చేశాను. చివరిసారి మనిషికి రాత్రికి 19,500 రాండ్లు, అంటే దాదాపు 90 వేల రూపాయలు అయింది. అంత డబ్బు పోసి అడవిలో పడుకోవడం దేనికని రాజమండ్రిలోని బంధువులు అడిగినప్పుడల్లా నోటిమాటగా చెబుతూ వచ్చిన జవాబునే ఇక్కడ వివరంగా రాస్తున్నాను.

సాబీ శాండ్ దక్షిణాఫ్రికాలోని ఎంపుమలంగ రాష్ట్రంలో, క్రూగర్ జాతీయ వనాన్ని ఆనుకుని ఉంది. విస్తీర్ణం సుమారు 65 వేల హెక్టార్లు. రెండింటి నడుమ ఉన్న కంచెను 1993లో తీసేశారు కాబట్టి జంతువులకు ఇది ప్రైవేటు, అది ప్రభుత్వానిది అన్న తేడా లేదు. తేడా అంతా మనుషులకే. క్రూగర్‌లో సందర్శకుల బండి రోడ్డు దిగకూడదు, చీకటి పడేలోగా శిబిరం చేరుకోవాలి. ఇక్కడ మాత్రం సింహమో చిరుతో కనబడితే రేంజర్ బండిని పొదల్లోకి దింపి దాని వెంట వెళ్లగలడు, సూర్యాస్తమయం తరువాత కూడా దీపం వేసి వెతకగలడు. మనం కట్టే సొమ్ములో పెద్ద వాటా ఈ స్వేచ్ఛకూ, దాన్ని ఒళ్లు దగ్గర పెట్టుకుని వాడే ఇద్దరు మనుషులకూ పోతుందని నా అభిప్రాయం.

ఆ ఇద్దరిలో ఒకరు బండి నడిపే రేంజర్, మరొకరు బండి ముందు భాగంలో ఎడమవైపు బిగించిన చిన్న సీటులో కూర్చుని జాడలు వెతికే ట్రాకర్. మాకు మొదటి మూడు బసల్లోనూ దొరికిన ట్రాకర్ ఆ చుట్టుపక్కల ఊళ్లలోనే పుట్టి పెరిగిన షంగాన్ తెగ పెద్దాయన. ఒక ఆగస్టు ఉదయం ఆయన చెయ్యెత్తి బండి ఆపించి దిగి, ఇసుకలోని ఒక అడుగుజాడ పక్కన మోకాళ్ల మీద కూర్చున్నాడు. దూరం నుంచి నాకది మామూలు గుంటలాగే కనబడింది. దగ్గరికి పిలిచి చూపించాడు: జాడ అంచులు ఇంకా పదునుగా ఉన్నాయి, రాత్రిపూట తిరిగే పురుగులు పక్క ఇసుకలో గీసిన సన్నని గీతలు జాడ దాకా వచ్చి దాని కింద మాయమవుతున్నాయి. పురుగులు తిరిగిన తరువాతే చిరుత నడిచింది, అంటే తెల్లవారుజామున వెళ్లిందన్నమాట. తరువాత ఇంపాలా జింకలు ఉలిక్కిపడి చీదిన చప్పుడు వినబడితే అటువైపు చెయ్యి చూపించాడు. 40 నిమిషాల తరువాత మరూలా చెట్టు కొమ్మ మీద, అప్పుడే పైకి ఈడ్చుకెళ్లిన జింక పక్కన ఆ చిరుత రొప్పుతూ కనబడింది. సాబీ శాండ్ చిరుతలు తరతరాలుగా బండ్లకు అలవాటుపడ్డాయి కాబట్టి మమ్మల్ని పట్టించుకోలేదు. నేను మాత్రం చిరుత కన్నా ఆ ఇసుక మీది గీతలనే ఎక్కువగా తలుచుకుంటాను.

గది సంగతి తొందరగా చెప్పేస్తాను, ఎందుకంటే అన్ని లాడ్జ్‌లూ ఆ విషయంలో ఇంచుమించు ఒకటే. గడ్డికప్పు, దోమతెర, బయట కూడా ఒక షవర్, నదివైపు చెక్క వసారా, దాని అంచున ఇద్దరు మునిగేంత కొలను. పరుపులు, నీళ్లు, శుభ్రత విషయంలో ఎనిమిదేళ్లలో నాకు ఒక్కసారి కూడా లోటు కనబడలేదు. వసారా తలుపు గడియ వేయడం మరిస్తే కోతులు లోపలికి వచ్చి పంచదార పొట్లాలన్నీ చింపుతాయి. లాడ్జ్ చుట్టూ సరైన కంచె లేదు కాబట్టి చీకటి పడ్డాక గది నుంచి భోజనానికి వెళ్లాలన్నా కాపలాదారు తోడు రావాల్సిందే. ఒక రాత్రి దారికి అడ్డంగా ఏనుగు నిలబడితే పావుగంట సేపు ఆయన మమ్మల్ని గోడ వెనకే నిలిపి ఉంచాడు.

అమ్మానాన్నలతో వెళ్లినప్పుడు నాకున్న బెంగ రెండు విషయాల గురించి: అమ్మ శాకాహారం, నాన్న మోకాళ్లు. పై కప్పు లేని ఆ బండి చాలా ఎత్తు. ముందుగా చెప్పి ఉంచాం కాబట్టి ప్రతిసారీ మెట్ల పీట తెచ్చి, కుదుపు తక్కువగా ఉండే ముందు వరుసలోనే నాన్నను కూర్చోబెట్టారు. భోజనం విషయంలో మొదటి రోజు అమ్మకు ఉడికించిన కూరలు, పాస్తా తప్ప ఏమీ దక్కలేదు. రెండో రోజు వంటగదిలోని ఆవిడ అమ్మను 'మమా' అని పిలిచి లోపలికి తీసుకెళ్లి, ఏం కావాలో చేసి చూపించమంది. ఇద్దరూ కలిసి పప్పు, నిమ్మకాయ పులిహోర చేశారు. ఆ దేశంలో తెల్లజొన్నపిండి అనిపించేలా ఉండే మొక్కజొన్న సంకటిని 'పాప్' అంటారు. దానిలో పప్పు కలుపుకుని తిన్న నాన్న ఇది మన సంకటేనని తేల్చారు.

నా ఫిర్యాదు 2022 నాటి నాలుగో బస గురించి. యాజమాన్యం మారింది. బండికి ఆరుగురే అని ఫోనులో చెప్పినవాళ్లు తీరా వెళ్లాక తొమ్మిది మందిని ఎక్కించారు. మధ్య సీటులో కూర్చున్న మా అమ్మాయికి మూడు రోజులూ ఇతరుల భుజాలే కనబడ్డాయి. పాత ట్రాకర్ పదవీ విరమణ చేశారు. కొత్త రేంజర్ జాడలు వెతకడం మానేసి రేడియోలో ఎవరు ఏది చూశామన్నా అటు పరుగెత్తించేవాడు. బిగ్ ఫైవ్‌లో ఐదింటినీ, అంటే సింహం, చిరుత, ఏనుగు, ఖడ్గమృగం, అడవి దున్నలను చూశాం, నిజమే. కానీ ఒక్కో జంతువు దగ్గర పది నిమిషాలు కూడా నిలవలేదు. తిరిగొచ్చాక ఉత్తరం రాస్తే క్షమాపణ చెప్పారు, డబ్బు మాట ఎత్తలేదు. 2024లో పరిస్థితి బాగుపడింది: మళ్లీ ఆరుగురు, మళ్లీ జాడలు.

ఆ చివరి బసలో చూసిన తెల్ల ఖడ్గమృగాలకు కొమ్ములు లేవు. వేటగాళ్ల నుంచి కాపాడటానికి మత్తు ఇచ్చి కోసేస్తున్నారు. కొమ్ము మన గోళ్లలాగే కెరటిన్‌తో తయారవుతుంది, మళ్లీ పెరుగుతుంది కాబట్టి మళ్లీ కోయాలి. ఫోటోల్లో స్థలం వివరాలు నమోదు కాకుండా ఫోనులో ఆ సదుపాయం ఆపేయమని రేంజర్ అడిగాడు. గేటు దగ్గర విడిగా కట్టే ప్రవేశ రుసుము నన్ను మొదట్లో చిరాకుపెట్టేది. ఆ మొండి ముఖాలను చూశాక, వాటిని కాపాడటానికీ ఖర్చవుతుంది కదా అనిపించి ఇక ఎన్నడూ దాని గురించి నొచ్చుకోలేదు.

వెళ్లాలనుకునేవారు మే నుంచి సెప్టెంబరు మధ్య వెళ్లడం మంచిది: ఆకు రాలి జంతువులు తేలికగా కనబడతాయి, దోమలు తక్కువ. అది అక్కడ చలికాలం కాబట్టి తెల్లవారి బండిలో కంబళి, వేడినీళ్ల సంచి ఇచ్చినా చేతులు కొంకర్లు పోతాయి. చేతి తొడుగులు, చెవులు కప్పే టోపీ తప్పనిసరి. అది మలేరియా ప్రాంతం, ముందుగా వైద్యుణ్ణి కలవండి. ఆరేళ్లలోపు పిల్లలను మా లాడ్జ్ బండి ఎక్కనివ్వదు. జొహన్నెస్‌బర్గ్ నుంచి క్రూగర్ లోపలి స్కుకూజాకు విమానం ఉంది, కారులో అయితే సుమారు ఆరు గంటలు. అక్కడి పాత ప్లగ్గులు మన ఇళ్లలో గీజరుకు పెట్టే లావుపాటి మూడు కాళ్ల ప్లగ్గుల్లాంటివే. రెండు రాత్రులకు మాత్రం వెళ్లకండి, మొదటి రోజంతా కళ్లు అలవాటుపడటానికే సరిపోతుంది.

వచ్చే ఆగస్టుకు మళ్లీ నాలుగు రాత్రులు బుక్ చేశాను. బండికి ఆరుగురే అన్న మాటను ఈసారి రాతపూర్వకంగా తీసుకున్నాను.