చేతిరాత ఆర్టిస్టులకి పర్లాకిమిడిలో డిజైన్ కోర్సు, మూడు నెలలు చేసి రాస్తున్నా

నేను 22 ఏళ్ళు బోర్డులు రాశానండి. ఒడిశాలో మా పర్లాకిమిడిలో కిరాణా షాపులు, మెడికల్ షాపులు, బోర్డర్ దాటితే ఆంధ్రాలో పాతపట్నంలో హోటళ్ళు, స్కూలు గోడలు, లారీల వెనకాల పేర్లు, తెలుగూ ఒడియా రెండూ. నాలుగడుగుల రేకు బోర్డు రెండు రోజులు కూర్చుని రాస్తే పన్నెండొందలు ఇచ్చేవోరు, అదే సైజు ఫ్లెక్స్ రెండొందల లోపే గంటలో వచ్చేస్తుంటే షాపువాడిని మాత్రం ఏమంటాం, వాడి జేబు వాడిది. పోయినేడాది నాలుగు నెలలు వరసగా ఒక్క బోర్డు కూడా రాలేదు. మా ఆవిడ మెళ్ళో గొలుసు తాకట్టులోకి వెళ్ళిపోయింది. అప్పుడు ఫ్లెక్స్ షాపుల వాళ్ళకి డిజైన్లు చేసిపెట్టే ఒక కుర్రాడు బజారులో మేడ మీద సాయంత్రం క్లాసులు చెప్తున్నాడని తెలిసి చేరాను. ఫీజు 6,500, రెండు వాయిదాల్లో కట్టొచ్చు, సాయంత్రం ఆరున్నర నుంచి ఎనిమిదిన్నర దాకా.

ఆయన నాకంటే పదిహేనేళ్ళు చిన్న, నన్ను అన్నయ్యా అంటాడు, నేను మాస్టారూ అంటాను. మొదటి రోజు కంప్యూటర్ ఆన్ చెయ్యనివ్వలేదు. తెల్లకాగితం, స్కెచ్ పెన్ను ఇచ్చి "శ్రీ రాయండి అన్నయ్యా, షాపు బోర్డుకి ఎలా రాస్తారో అలాగే" అన్నాడు. రాశాను. దాన్ని స్కాన్ చేసి కోరల్ డ్రా అనే డిజైన్ సాఫ్ట్‌వేర్‌లో పెట్టి మీద లైను గియ్యమన్నాడు. నేను చుట్టూ చుక్కలు పెట్టుకుంటూ పోయాను, చూస్తే నూట నలభై నోడ్లు (ఆ చుక్కల్నే అలా అంటారు), అక్షరం అంచులు ముళ్ళకంపలా వచ్చాయి. ఆయన పక్కన కూర్చుని గుండ్రటి సున్నాకి నాలుగు నోడ్లు చాలు, మరి ఇన్నెందుకు అని అడిగి, "మీ బ్రష్ ఎక్కడ తిరుగుతుందో అక్కడ మాత్రమే చుక్క పెట్టండి" అన్నాడు. ఆ మాటతో నాకు మొత్తం అర్థమైపోయింది. తలకట్టు దగ్గర బ్రష్ ఆగి పైకి లేస్తుంది, అక్కడొకటి. గుడి తిరిగే చోట ఒకటి. ఒడియా అక్షరానికైతే నెత్తి మీద గొడుగులా ఉండే వంపుకి ఈ చివరొకటి ఆ చివరొకటి, మధ్యలో ఒకటి. ఇరవై రెండేళ్ళు నా చెయ్యి చేసిన పనే, స్క్రీన్ మీద చెయ్యాలి అంతే. ఆ రాత్రి ఇంటికెళ్ళి మా ఆవిడతో చాలాసేపు ఇదే చెప్పాను.

వేరే సెంటర్లో ఇంతకుముందు ఒక నెల వెళ్ళి మానేశాను, అక్కడ అందరికీ ఒకటే పాఠం, పదో క్లాసు పిల్లలతో పాటు కూర్చోబెట్టి ఎంఎస్ ఆఫీసు చెప్పేవారు. ఇక్కడ నీకేమీ రాదు అన్నట్టు మొదలుపెట్టరు, మన చేతిలో ఉన్నదాని మీంచే చెప్తారు, నాకు అన్నిటికంటే నచ్చింది అదే. రంగుల పాఠం కూడా అంతే. స్క్రీన్ మీద మెరిసే ఆకుపచ్చ ప్రింట్లో చచ్చిపోతుందేంటి అంటే స్క్రీన్‌ది వెలుగు, మిషన్‌లో ఉన్నవి నాలుగు సిరాలు, సియాన్ (ఆకాశనీలం లాంటిది), మెజెంటా (ముదురు గులాబీ లాంటిది), పసుపు, నలుపు అని చెప్పాడు. డబ్బాల్లో రంగులు కలిపినోడికి అది కొత్త సంగతి కాదు కదా.

టైపింగే కష్టపెట్టింది. తెలుగుకి అను అనే ఫాంట్లు, అందులో యాపిల్ అని పిలిచే కీల అమరిక, ఒడియాకి ఆకృతి అనే ఫాంట్లు, రెండూ వేళ్ళకి వేరేవేరేగా అలవాటు చేసుకోవాలి. కస్టమర్ వాట్సాప్‌లో పంపిన మేటర్ యూనికోడ్‌లో (ఫోన్లలో వాడే అక్షరాల పద్ధతి) ఉంటుంది, దాన్ని తీసుకొచ్చి అను ఫాంట్‌లో పేస్ట్ చేస్తే పిచ్చి గీతలు వస్తాయి, కన్వర్టర్‌లో మార్చుకోవాలి, మార్చాక కూడా ఒత్తులు ఒక్కోటీ చూసుకోవాలి.

లోపాలు కూడా చెప్పాలి. ఎనిమిది మందికి నాలుగే కంప్యూటర్లు. బ్యాటరీ బ్యాకప్ లేదు, కరెంటు పోతే పనంతా పోయేది, రెండు సార్లు నాది పోయింది. కోరల్ డ్రా కొనాలంటే మాలాంటోళ్ళకి చాలా ఖరీదు, ఉచితంగా దొరికే ఇంక్‌స్కేప్ గురించి ఒక్క క్లాసన్నా చెప్పాల్సింది, అది నేను మా అక్క కొడుకు దగ్గర నేర్చుకున్నా, ఇప్పుడు ఇంట్లో దాంట్లోనే చేస్తున్నా. ఇంకోటి, మా బ్యాచ్‌లో హరికథలకి హార్మోనియం వాయించే పెద్దాయన చేరారు, రెండో వారంలో మానేశారు. ఈ కోర్సు ఆయనకి పనికొచ్చేది కాదు, ఆ సంగతి ఫీజు తీసుకునే ముందే చెప్పాలి. బొమ్మ వేసేవాళ్ళకి, అక్షరం రాసేవాళ్ళకి, మండపం డెకరేషన్ వాళ్ళకి మాత్రమే ఇది.

ఆఖరి నెలలో ఒక ఆదివారం మొత్తం డబ్బు గురించే చెప్పారు, నాకు అది ఫీజంత విలువ. అడ్వాన్సు సగం తీసుకోకుండా ఫైలు తెరవొద్దు, మూడు కరెక్షన్లు దాటితే ఎక్స్‌ట్రా అని ముందే చెప్పాలి. చిన్న వ్యాపారాలకి ప్రభుత్వం చేసే ఉద్యమ్ రిజిస్ట్రేషన్ ఉచితం, ఏజెంటుకి రూపాయి ఇవ్వక్కర్లేదు. చేతివృత్తుల వాళ్ళకి 2023లో వచ్చిన కేంద్ర పథకం పీఎం విశ్వకర్మలో 18 వృత్తులున్నాయి, శిల్పులు, బొమ్మలు చేసేవాళ్ళు ఉన్నారు, బోర్డు రాసేవాళ్ళు లేరు. నేను అంతకుముందే ఆ పథకానికి దరఖాస్తు పెట్టే ఒక సెంటర్‌కి వెళ్తే అక్కడివాడు శిల్పి అని రాయించుకోమన్నాడు, రాతి మీద ఒక్క ఉలి దెబ్బ కొట్టనోణ్ణి అలా ఎలా చెప్పుకుంటాను, వద్దని వచ్చేశాను. మాకు సరిపోయేది ముద్రా అనే ప్రభుత్వ లోన్ పథకంలో శిశు రకం, 50,000 దాకా, తాకట్టు అక్కర్లేదు. అయినా నేను వెళ్ళిన బ్యాంకులో గొలుసుందా స్థలముందా అని అడిగి రెండు సార్లు తిప్పారు. మాస్టారు చెప్పినట్టు మిషన్ కొటేషన్, ఉద్యమ్ కాగితం, నేను రాసిన పాత బోర్డుల ఫోటోలు పట్టుకెళ్తే మూడోసారి పనైంది. ఆ డబ్బుతో స్టిక్కర్ షీటు మీద అక్షరాలు కత్తిరించే సెకండ్ హ్యాండ్ రేడియం కటింగ్ మిషన్ తీసుకున్నాను. బళ్ళ మీద పేర్లు, నంబర్ ప్లేట్లు, షాపు అద్దాల మీద అక్షరాలు, రోజూ ఏదో ఒకటి వస్తోంది. మునుపటంత ఇంకా లేదు, గొలుసు కూడా ఇంకా విడిపించలేదు.

మొదటి పెద్ద ఆర్డరు ఆగస్టు 29కి వచ్చింది, గిడుగు రామమూర్తి గారి పుట్టినరోజు, తెలుగు భాషా దినోత్సవం. ఆయన పనిచేసిన ఊరు మాది. 2022 జూలై నుంచి 100 మైక్రాన్ల లోపు మందమున్న పీవీసీ (ప్లాస్టిక్) బేనర్లు నిషేధం కదా, ఆర్డరిచ్చినవాళ్ళు గుడ్డ బేనరే కావాలన్నారు. కంప్యూటర్లో లేఅవుట్ వేసి, గిడుగు వారి పేరు మాత్రం నా చేత్తో రాసి ట్రేస్ చేసి పెట్టాను. ఒక్కో అక్షరానికి పది పన్నెండు నోడ్లు మించలేదు.

ఐదుకి నాలుగు ఇస్తాను. వెళ్ళేవాళ్ళు మీ పాత పని ఫోటోలు తీసుకెళ్ళండి, ముందు అవే అడుగుతాడు. ఒక పెన్‌డ్రైవ్ ఉంచుకోండి, పది నిమిషాలకోసారి సేవ్ చెయ్యండి.