పాత లిన్‌హాఫ్ కెమెరా కొనేవాళ్లు బెలోస్ మూలలు చూడకుండా డబ్బు పంపకండి

లార్జ్ ఫార్మాట్ కెమెరా కోసం వెతుకుతున్న మిత్రులు దయచేసి ఇది చదవండి. పోయిన నెల 78,000 రూపాయలు పెట్టి లిన్‌హాఫ్ సూపర్ టెక్నికా 4 కొన్నాను. 1956 నుంచి 1963 దాకా మ్యూనిక్‌లో తయారైన మోడల్, 4×5 అంగుళాల షీట్ ఫిల్మ్‌ది, అంటే ఒక్కో ఫోటోకు ఒక్కో విడి ఫిల్మ్. లెన్స్‌కీ ఫిల్మ్‌కీ మధ్య మడతలు మడతలుగా సాగే, వెలుతురు చొరబడకూడని గొట్టమే బెలోస్. ప్రొద్దుటూరులో పెళ్లిళ్లు తీసి కూడబెట్టుకున్న డబ్బు అది. "అన్నా, మా నాయన స్టూడియోది, లెన్స్‌తో సహా ఒరిజినల్ సెట్" అన్నాడు అమ్మినతను. ఫోటోలు చూసి నమ్మి మొత్తం ముందే పంపేశాను.

గండికోటలో పొద్దు పొడిచే వేళ పెన్నా లోయ అంచున ఆరు షీట్లు తీశాను. ఒక్కో షీటు వందల్లో పడుతుంది. డెవలప్ చేస్తే అన్ని నెగెటివ్‌ల మీదా దాదాపు ఒకే చోట నల్లటి మరకలు. రాత్రి లైట్లన్నీ ఆర్పి, బెలోస్ పూర్తిగా సాగదీసి, లోపల టార్చ్ పెట్టాను. మడతల మూలల్లో 11 చిల్లులు! గోటితో గీకితే నల్ల పెయింట్ పెచ్చులుగా ఊడింది. అమ్మినతను చిల్లులకు రంగు పూసి, బెలోస్ ముడిచి ఫోటోలు తీశాడు. సాగదీస్తే ఆ పూత పగలక ఏమవుతుంది?

షట్టర్‌ని 1 సెకనుకు పెడితే దాదాపు 3 సెకన్లు తెరిచి ఉంటోంది. ల్యాండ్‌స్కేప్‌కి లెన్స్ రంధ్రాన్ని బాగా చిన్నది చేసి, ఎఫ్ 32 దాకా మూసి తీసేవాళ్లకు పనికొచ్చేవి ఆ నెమ్మది స్పీడ్‌లే.

అన్నిటికన్నా బాధపెట్టింది 'ఒరిజినల్ సెట్' అన్న మాట. టెక్నికాలో రేంజ్‌ఫైండర్, అంటే దూరం చూసి ఫోకస్ కుదుర్చుకునే భాగం, ఆ లెన్స్ కోసమే కోసిన కామ్ అనే వంపు లోహపు ముక్క మీద నడుస్తుంది. లెన్స్ నంబరు కామ్ మీద చెక్కి ఉంటుంది. నా దాంట్లో ఆ రెండు నంబర్లూ వేరు. రేంజ్‌ఫైండర్‌తో మా పెద్దనాన్నను తీస్తే ఆయన కళ్లు మసకగా, వెనకాల తలుపు గడియ షార్ప్‌గా వచ్చాయి.

అడిగితే "పాత సరుకు కదన్నా, చూసుకుని కొనాల్సింది" అన్నాడు. తర్వాత ఫోన్ ఎత్తడం లేదు.

మీరు కొనేముందు వీడియో కాల్ అడగండి. చీకటి గదిలో బెలోస్‌లో టార్చ్ పెట్టించి, నాలుగు మూలలూ దగ్గరగా చూపించమనండి. 1 సెకను, అర సెకను స్పీడ్‌లు చెవులారా వినండి. లెన్స్ నంబరు, కామ్ నంబరు ఒకే ఫోటోలో అడగండి. కుదిరితే స్వయంగా వెళ్లండి, బస్సు చార్జీ ఎంతైనా పర్వాలేదు.

నిన్న, నా కెమెరా ఫోటోల్లో కనిపించిన అదే ఎర్ర దుప్పటి మీద పెట్టిన ఇంకో టెక్నికా అమ్మకానికి కనిపించింది. అన్ని ఫోటోల్లోనూ బెలోస్ ముడిచే ఉంది.