చెవి మిషన్‌లో టి ప్రోగ్రామ్: ఎనిమిది నెలలు వాడాక

నాలుగేళ్లుగా చెవి మిషన్ పెట్టుకుంటున్నాను. ఇంట్లో పర్వాలేదు గానీ, బయటికెళ్తే ఎదుటి మనిషి మాట కంటే పక్కవాళ్ల సంచుల గరగరే గట్టిగా వినబడేది. లండన్‌లో అబ్బాయి దగ్గరికి వచ్చాక పోస్టాఫీసు కౌంటర్ దగ్గర నీలం బోర్డు కనబడింది. చెవి బొమ్మ, దాని కింద టి అక్షరం. "అత్తయ్యా, మీ మిషన్‌లో ఇది ఉందా?" అంది కోడలు.

ఉంది. టి అంటే టెలికాయిల్, మిషన్ లోపలుండే చిన్న రాగి తీగ చుట్ట. అమ్మినవాళ్లు దాన్ని ఆన్ చేయలేదు, ఉందని చెప్పనూ లేదు. ఇక్కడి ఆడియాలజిస్టు (వినికిడి నిపుణురాలు) మిషన్‌ని కంప్యూటర్‌కి కలిపి పది నిమిషాల్లో టి ప్రోగ్రామ్ పెట్టేసింది. ఇప్పుడు బటన్ నొక్కితే రెండు బీప్‌లు, అంతే.

అసలు పరీక్ష ఉగాదికి జరిగింది. మన తెలుగువాళ్లు అద్దెకు తీసుకున్న చర్చి హాల్లో గోడల చుట్టూ లూప్ అనే తీగ ఉంది; ఆ నీలం బోర్డు చెప్పేది దీని గురించే. వేదిక మీది మైకు మాట ఆ తీగలోంచి అయస్కాంత క్షేత్రంగా వస్తే మన కాయిల్ అందుకుంటుంది. మిషన్ మైకు ఆగిపోతుంది కాబట్టి వెనకాల ప్లేట్ల చప్పుడు, పిల్లల పరుగులు ఏమీ లేవు. నాలుగేళ్లకు పంచాంగ శ్రవణం నిజంగా శ్రవణమైంది. నా రాశికి ఆదాయం కంటే వ్యయమే ఎక్కువని కూడా స్పష్టంగా విన్నాను! పచ్చడి కోసం తల వంచితే మాత్రం పంతులుగారి గొంతు సన్నబడింది, ఎత్తగానే తిరిగొచ్చింది. తీగ చుట్ట నిలువుగా ఉండాలట.

ఇబ్బందులూ ఉన్నాయి. నేను టిలో ఉండగా మనవడు "నానమ్మా" అని మూడుసార్లు పిలిచి, చివరికి గిల్లాడు. టితో పాటు మిషన్ మైకు కూడా పనిచేసే "ఎం-టి" ప్రోగ్రామ్ పెట్టుకోవచ్చు, కానీ గోల కూడా వెంటే వస్తుంది. కొన్ని చోట్ల కరెంటు సామాన్ల వల్ల జుమ్మని రొద. ఒక టికెట్ కౌంటర్‌లో బోర్డు ఉంది, లూప్ ఆపేసి ఉంది; స్విచ్ ఎక్కడుందో ఆ అబ్బాయికే తెలియదు. హోటల్లో లూప్ ఉండదు కాబట్టి అక్కడ టి దండగ.

చెవిలో దూరిపోయే బుల్లి మోడళ్లు చాలావాటిలో టెలికాయిల్ ఉండదు. కొనేముందు అడగండి, ఆన్ చేయించుకున్నాకే షాపు గుమ్మం దాటండి.

మన ఊళ్లో లూప్ ఉన్న హాలు నేనైతే చూడలేదు. అందుకే ఫోనుకి తగిలించే నెక్‌లూప్ కొన్నాను. దండలా మెళ్లో వేసుకుని టి నొక్కితే కాకినాడ నుంచి చెల్లెలి గొంతు రెండు చెవుల్లోనూ. మధ్యలో కుక్కర్ కూత వినబడితే అది దాని వంటింట్లోదే.